బెంగళూరు కారు, అనంతపురం కొనుగోలుదారు: పాత ఎలక్ట్రిక్ కారు తనిఖీపై న్యాయ సలహా

ప్రశ్న: మాది అనంతపురం. ఉద్యోగం గుత్తిలో. రోజూ రానూపోనూ నూరు కిలోమీటర్ల పైమాటే. బెంగళూరులో ఒకాయన తన 2021 మోడల్ ఎలక్ట్రిక్ కారు 8 లక్షల 60 వేలకు అమ్ముతానంటున్నాడు. ‘బ్యాటరీ హెల్త్ 92 శాతం’ అని, అంటే కొత్తప్పటి సామర్థ్యంలో 92 శాతం మిగిలి ఉందని వాట్సాప్‌లో పెట్టాడు. నాకు సెలవు దొరకదు, వెళ్ళి చూడలేను. ఫీజు తీసుకుని కారు తనిఖీ చేసి రిపోర్టు ఇచ్చే సంస్థ ఒకటి ఉంది. వాళ్ళతో చూపించి కొంటే, తర్వాత తేడా వస్తే బాధ్యత ఎవరిది? ఆయన 50 వేలు అడ్వాన్సు ఇప్పుడే పంపమంటున్నాడు.

జవాబు: అడ్వాన్సు ఇంకా పంపలేదు కదా, అదే మంచిది. రెండు రోజులు ఆగండి.

పోయినేడాది కర్నూలు నుంచి ఒక టీచరు నా దగ్గరికి వచ్చారు. హైదరాబాదులో ఇలాగే చూడకుండా ఎలక్ట్రిక్ కారు కొన్నారు. చేతిలో లావుపాటి రిపోర్టు. టైర్ల అరుగుదల నుంచి వైపర్ల దాకా అన్నిటికీ పచ్చ టిక్కులే. ‘బ్యాటరీ’ అన్న గడిలో ‘12.6 వోల్టులు, గుడ్’ అని ఉంది. అది చూసే ఆయన ధైర్యంగా డబ్బు కట్టేశారు. కానీ అది లైట్లకూ లాకులకూ కరెంటిచ్చే చిన్న 12 వోల్టుల బ్యాటరీ. కారును నడిపే పెద్ద బ్యాటరీ వందల వోల్టులది. దాని జోలికి ఎవరూ పోలేదు. రిపోర్టులో రాసినది అబద్ధం కాదు కాబట్టి దాన్ని పట్టుకుని ఎవరినీ నిలదీయలేకపోయాం. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే తనిఖీకి ముందు అమ్మే ఆయన మాటను రాతలోకి తెచ్చుకోండి. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో సెక్షన్ 16 ప్రకారం, సరుకు నాణ్యతకు అమ్మేవాడు దానంతటదే హామీ ఇచ్చినట్టు కాదు. కొన్ని మినహాయింపులున్నాయి గానీ, ముఖ్యమైనది ఆ సరుకుతో వ్యాపారం చేసేవారికి వర్తిస్తుంది. మీకు అమ్మేది సొంత కారు అమ్ముకునే మామూలు మనిషి. పైగా, మామూలు జాగ్రత్తతో మీరే కనిపెట్టగలిగిన లోపమైతే, ‘ఆయన చెప్పకుండా ఊరుకున్నాడు’ అన్న కారణంతో ఒప్పందం రద్దు చేయమనడం కష్టం. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 ఆ దారి మూసేస్తుంది.

మీకు ఆసరా వస్తు విక్రయ చట్టంలోని సెక్షన్ 15. వర్ణన చెప్పి అమ్మితే సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. ఇది వ్యాపారికైనా, మామూలు మనిషికైనా ఒకటే. ఆ ‘92 శాతం’ అన్న మెసేజ్ మీకు బంగారం. దాన్ని అలాగే ఉంచి, ఈ రోజే ఇలా రాయండి: ‘సార్, బ్యాటరీ హెల్త్ 92 శాతం అన్నారు. కారు నీళ్ళల్లో మునగలేదని, యాక్సిడెంటు కాలేదని, బ్యాటరీ ఎప్పుడూ విప్పలేదని, లోను బాకీ లేదని మీ మాట మీద ఆధారపడి కొంటున్నాను. సరైనదేనని జవాబివ్వండి.’ అవునని రాస్తే అది ఒప్పందంలో భాగం. తప్పించుకుంటుంటే, అదీ మీకు జవాబే.

తనిఖీ సంస్థకు ఫీజు మీరే కట్టండి. రసీదు మీ పేరు మీదే ఉండాలి. అప్పుడు మీరు వాళ్ళ వినియోగదారు. సేవలో లోపం ఉంటే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఏమేం చూడాలో ముందే మెయిల్‌లో రాయండి: ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటరులోని వివరాలు చదివే సాకెట్టుకు) స్కానరు తగిలించి పెద్ద బ్యాటరీ హెల్త్ శాతం చూపే స్క్రీన్ ఫొటో, అందులోనే ఓడోమీటరు, ఛాసిస్ నంబరు, కారును లిఫ్టు మీద ఎక్కించి బ్యాటరీ అడుగు భాగం ఫొటోలు. అక్కడ సొట్ట గానీ, తడి మరక గానీ ఉంటే కంపెనీ వారంటీకి కొర్రీ పెట్టొచ్చు. ఫుల్ చార్జి చేసి 40 కిలోమీటర్లు నడిపి ఎంత శాతం తగ్గిందో వీడియో తీయమనండి. 20 శాతం తగ్గితే మీకు సుమారు 200 కిలోమీటర్ల బండి. మన ఎండాకాలంలో ఏసీ వేసుకుని గుత్తికి పోయిరావడానికి ఆ లెక్కే పనికొస్తుంది, కాగితం మీద రేంజి కాదు. చూడనివి ఏమిటో కూడా రిపోర్టులో రాయాలి.

చాలా కార్ల పెద్ద బ్యాటరీకి వారంటీ 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మీ కారుకు ఇంకా మిగిలి ఉండొచ్చు. కానీ రెండో ఓనరుకు బదిలీ అవుతుందో లేదో ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీసు సెంటరులో రాతపూర్వకంగా అడగండి. కొన్ని హామీలు మొదటి ఓనరుకే.

అడ్వాన్సు తప్పదంటే బ్యాంకు ద్వారానే, ‘తనిఖీలో తేడా వస్తే పూర్తిగా వాపసు’ అని ఆయన ఒప్పుకున్నాకే, అదీ 5 వేలో 10 వేలో. 50 వేలు వద్దు. మిగతా డబ్బు కాగితాలు చేతికొచ్చాక: పేరు మార్పుకు సంతకాలు చేసిన ఫారం 29, 30, కర్ణాటక ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్సీలో లోను ఉంటే దాన్ని తీసేయించే ఫారం 35తో పాటు బ్యాంకు క్లియరెన్సు. కారు చేతికొచ్చిన 30 రోజుల్లో అనంతపురం ఆర్టీవోలో పేరు మార్పుకు పెట్టాలి. ఇన్సూరెన్సు మార్పుకు గడువు 14 రోజులే. కారును ఫోనుతో కలిపే యాప్ నుంచి పాత ఓనరు పేరు తీసేయించండి. లేకపోతే మీ కారు ఎక్కడుందో ఆయనకు కనిపిస్తూనే ఉంటుంది.

ఇక బాధ్యత సంగతి. సొంత కారు అమ్ముకునే మనిషి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళలేరు, సివిల్ దావాయే దారి. అందుకే ఒప్పందంలో ‘డెలివరీ అనంతపురంలో’ అని రాయించండి; ఇక్కడి కోర్టులోనే వేసే వీలుంటుంది. అదే కారును ఏదైనా కంపెనీ అమ్మి ఉంటే, 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్‌కే, రెండేళ్ళ లోపు వెళ్ళొచ్చు. వాళ్ళ షరతుల్లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అని ఉన్నా భయం లేదు. అది కమిషన్‌కు అడ్డు కాదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

కారు వచ్చిన వారంలోనే ఇక్కడ మళ్ళీ స్కాన్ చేయించండి. తేడా కనిపిస్తే ఆ రోజే మెసేజ్ పెట్టి, వెంటనే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఏమీ అనకుండా నెలల తరబడి నడుపుకుంటే వస్తు విక్రయ చట్టం సెక్షన్ 42 ప్రకారం కారును అంగీకరించినట్టే. అప్పుడు కారు వెనక్కిచ్చే హక్కు పోయి నష్టపరిహారమే మిగులుతుంది. ఆ వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోను మాత్రం మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి. సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్‌తో దాన్నే కోర్టులో పెట్టాలి.