బ్యాక్‌డోర్ తీసేసినా మళ్ళీ ఎందుకొస్తుంది? నా డీటీపీ షాపులో జరిగింది

విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఒక ఫైలును పట్టుకుని తీసేస్తోంది, మర్నాటికల్లా అదే పేరుతో మళ్ళీ ప్రత్యక్షమవుతోంది, మధ్యమధ్యలో కెమెరా లైటు దానంతటదే వెలుగుతోంది, ఫార్మాట్ చేయక తప్పదా అని అడిగారు. ఇది ఆ లాప్‌టాప్‌లోనే చదువుతుంటే, ముందు దాని వైఫై ఆపేసి మిగతాది ఫోన్‌లో చదవండి. కెమెరా మీద ఓ స్టిక్కర్ అంటించండి. బ్యాక్‌డోర్ అంటే బయటివాడు మన కంప్యూటర్‌లోకి రహస్యంగా వచ్చిపోయే దొంగదారి. అది ఉందంటే అవతల ఒక మనిషి ఉన్నాడని. నెట్ లేకపోతే అతను ఏమీ చేయలేడు.

నాది డీటీపీ షాపు. పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు, స్కూళ్ళ క్వశ్చన్ పేపర్లు. మూడేళ్ళ క్రితం ఒక కార్డు కోసం తెలుగు ఫాంట్ల ప్యాకేజీ కావాల్సి వచ్చి, ఎవరో పెట్టిన క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా మార్చిన కాపీ, దించాను. జిప్‌లో చిన్న నోట్‌ప్యాడ్ ఫైలు ఉంది. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయమని రాసుంది. చేశాను. ఫాంట్లు చక్కగా పనిచేశాయి. అడిగిన వస్తువు చేతికొచ్చాక ఇంక ఎవరికి అనుమానం వస్తుంది?

పది రోజులకు ఒక లెక్కల మాస్టారు ఫోన్ చేశారు. మా షాపులో పెట్టి తీసిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయాయి, పరీక్ష పేపర్లు కనిపించడం లేదన్నారు. అదే వారం ఓ రాత్రి నేను కార్డులు కట్ చేస్తున్నాను. మౌస్ మీద ఎవరి చెయ్యీ లేదు. స్క్రీన్ మీద బాణం మెల్లగా కదిలి బ్రౌజర్ సెట్టింగ్స్ తెరిచింది. గుండె ఝల్లుమంది. పరుగున వెళ్ళి నెట్ వైరు పీకేశాను.

తర్వాత ఏమేం నడుస్తున్నాయో చూపించే టాస్క్ మేనేజర్ తెరిస్తే ఎస్‌వీసీహోస్ట్ పేరుతో బోలెడు వరుసలు. అవి విండోస్ సొంత ప్రాసెస్‌లే, మామూలుగా ఉండేవే. వాటిలో ఒకటి మాత్రం నా యూజర్ పేరు మీద నడుస్తోంది. రైట్ క్లిక్ చేసి ఫైల్ లొకేషన్ చూస్తే, సిస్టమ్32లో ఉండాల్సింది యాప్‌డేటాలోని రోమింగ్ ఫోల్డర్‌లో ఉంది. డిలీట్ చేశాను. నిమిషం తిరక్కుండా మళ్ళీ వచ్చింది.

మీకు జరుగుతున్నదీ ఇదే అనుకుంటున్నాను. మీరు తీస్తున్నది ఒక్క ఫైలునే, దాన్ని మళ్ళీ తెచ్చిపెట్టేది ఇంకోచోట దాక్కుని ఉంది. నా సిస్టమ్‌లో అది, పనులను వేళకి దానంతటదే నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో, విండోస్ అప్‌డేట్‌ని పోలిన పేరుతో ఉంది. అంతకంటే భయపెట్టింది డిఫెండర్‌లోని ఎక్స్‌క్లూజన్స్ జాబితా, అంటే స్కాన్ చేయకుండా వదిలేయమని చెప్పే జాబితా. అందులో సీ డ్రైవ్ మొత్తం చేర్చేసి ఉంది. ఇంటికి కాపలా కుక్క ఉన్నా, ఎవరొచ్చినా మొరగొద్దని దానికి చెప్పి పెట్టినట్టు.

నెట్ రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్ ఎందుకు ఆపలేదని నాకూ అనుమానమొచ్చింది. 1998లో వచ్చిన బ్యాక్ ఒరిఫిస్ లాంటి పాత బ్యాక్‌డోర్లు మన కంప్యూటర్‌లో ఒక పోర్టు, అంటే కనెక్షన్ లోపలికొచ్చే ద్వారం, తెరిచి, బయటివాడి కోసం ఎదురుచూసేవి. ఇప్పటివి ఎక్కువగా లోపలి నుంచి తామే బయటికి కనెక్ట్ అవుతాయి. మనం వెబ్‌సైట్ తెరిచినా కనెక్షన్ లోపలి నుంచే వెళుతుంది కాబట్టి రౌటర్ అడ్డు చెప్పదు. క్రాక్‌లతోనే వస్తాయనీ కాదు. 2017లో కంప్యూటర్‌లో చెత్త ఫైళ్ళు శుభ్రం చేసే సీక్లీనర్ 5.33 అసలు డౌన్‌లోడ్‌లోనే బ్యాక్‌డోర్ కలిసిపోయి, దాదాపు 22.7 లక్షల కంప్యూటర్లలోకి చేరింది.

ఇక తీసే పద్ధతి. ముందు ఎక్స్‌క్లూజన్స్‌లో మీరు పెట్టనివన్నీ తీసేయండి. అవి ఉండగా ఎన్నిసార్లు స్కాన్ చేసినా వృథా. తర్వాత డిఫెండర్ స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్టయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి, అప్పటికి మాల్వేర్ (హానిచేసే ప్రోగ్రామ్) మేలుకుని ఉండదు. పావుగంట పడుతుంది. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్‌ని వేరే కంప్యూటర్‌లో దించి తెచ్చుకుని, మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు కనిపించకుండా పెట్టి మిగిలినవి ఒక్కొక్కటిగా చూడండి. స్టార్టప్, షెడ్యూల్డ్ టాస్కులు, సర్వీసులు అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. మన ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి.

ఇంత చేసీ నేను చివరికి ఫార్మాటే చేశాను. ఆ కంప్యూటర్‌లో నెట్ బ్యాంకింగ్ వాడేవాణ్ణి. లోపలికొచ్చినవాడు ఇంకేం వదిలిపెట్టి వెళ్ళాడో తెలియక, టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మీరూ అందులో బ్యాంకు పనులు చేసి ఉంటే ఫార్మాటే చేయండి. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రమే బ్యాకప్ తీసుకోండి. సెటప్ ఫైళ్ళు ఒక్కటీ వద్దు. విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌ని వేరే కంప్యూటర్‌లో తయారు చేసుకోండి.

పాస్‌వర్డులు మాత్రం ఫార్మాట్ అయ్యేదాకా ఆగకుండా ఈరోజే ఫోన్ నుంచి మార్చేయండి. మొదట ఈమెయిల్, తర్వాత బ్యాంకు. మార్చాక అన్ని డివైజుల నుంచి లాగౌట్ కొట్టండి. మనం లాగిన్ అయి ఉన్నామని గుర్తుంచుకునే బ్రౌజర్ కుకీలు దొంగిలించినవాడికి పాస్‌వర్డు, ఓటీపీ ఏవీ అక్కర్లేకుండానే ఖాతా తెరుచుకోవచ్చు. మీ మెయిల్స్ వేరేవాళ్ళకి దానంతటదే వెళ్ళేలా ఫార్వర్డింగ్ ఏమైనా పెట్టారేమో చూడండి. ఖాతాలో రూపాయి కదిలినా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మాస్టారి పెన్‌డ్రైవ్ నుంచి షార్ట్‌కట్లు తీసేసి, దాచిన ఫైళ్ళను మళ్ళీ కనిపించేలా చేసే యాట్రిబ్ కమాండ్ కొడితే అసలు ఫోల్డర్లు బయటపడ్డాయి. అవి పోలేదు, వైరస్ వాటిని దాచిపెట్టిందంతే. ఆ పది రోజుల్లో షాపుకొచ్చిన వాళ్ళందరికీ బిల్లుబుక్కు చూసి ఫోన్లు చేశాను. ఇద్దరి ఇళ్ళలో అప్పటికే పాకింది. మీరు కూడా ఈ మధ్య ఆ లాప్‌టాప్‌లో ఎవరి పెన్‌డ్రైవ్ పెట్టారో గుర్తు చేసుకుని, వాళ్ళకి ఈరోజే చెప్పండి.