ముందు జవాబు పంపు

చిన్నా,

రెండు కంపెనీల నుంచి ఆఫర్ లెటర్లు వచ్చాయని, రెండింటికీ ఇంకా ఏమీ చెప్పలేదని మీ అమ్మ చెప్పింది. మొదటి మాటకి పొంగిపోయాను. రెండో మాటకి రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పటికే పన్నెండుమందిని అడిగావట. అడక్కపోయినా పదమూడోదాన్ని నేను.

తెలిసిన సంగతులు ముందు అయిపోనీ. ఏదో ఒకచోట ఖాయమైందని రాతలో వచ్చేదాకా ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకు. నెలకి చేతికొచ్చేది ఎంతో విడిగా లెక్క చూసుకో. అక్కడ చేసి మానేసినవాళ్ళు ఒక్కరితోనైనా మాట్లాడు. ఉన్నవాళ్ళు చెప్పనివి వాళ్ళు చెబుతారు.

ఇక నా కథ. మీ అమ్మకి కూడా సగమే తెలుసు.

ఇరవై మూడేళ్ళప్పుడు నాకూ ఒకే వారంలో రెండు ఆర్డర్లు వచ్చాయి. నోటుబుక్కులో పేజీ మధ్యకి నిలువు గీత గీసి, అటొకటి ఇటొకటి రాయడం మొదలుపెట్టాను. 1772లో అమెరికా మేధావి బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన మిత్రుడు, ఇంగ్లండు శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్లీకి ఇలాంటి పద్ధతే ఉత్తరంలో రాశాడు. ప్రీస్ట్లీదీ ఉద్యోగం బెంగే; ఒక ప్రభువు కొలువుకి రమ్మంటే వెళ్ళాలా వద్దా అని. మూడు నాలుగు రోజులు రాసుకో, తర్వాత రెండువైపులా సమానంగా తూగేవాటిని కొట్టేస్తూ రా అన్నాడు ఫ్రాంక్లిన్. ప్రీస్ట్లీ వెళ్ళాడు. ఆ కొలువులో ఉండగానే 1774లో ఆక్సిజన్‌ని వేరుచేశాడు. (అది ఆ జాబితా పుణ్యమని నేననను.) నాకు రాయడమే వచ్చింది, కొట్టేయడం రాలేదు. పేజీ నిండితే ఇంకో పేజీ.

చివరికి ఒకదానికి ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను. స్టాంపు అతికించి బ్యాగులో పెట్టుకున్నాను. రోజూ పోస్టు డబ్బా పక్కనుంచే నడక. ఇవాళ ఇంకొకరిని అడిగి రేపు వేద్దాంలే అనుకుంటూ పదకొండు రోజులు. కవరు అంచులు నలిగి నూగు లేచాయి. స్టాంపు ఒక మూల ఊడొస్తే జిగురు రాసి మళ్ళీ అతికించాను గానీ డబ్బాలో వెయ్యలేదు. పన్నెండో రోజు వేశాను. అప్పటికే గడువు దాటి రెండు రోజులు. ఆ చోటు వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. హడావుడిగా రెండోవాళ్ళకి రాస్తే వాళ్ళదీ అదే జవాబు. రెంటికీ చెడ్డ రేవడినై పద్నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాను. అందరితో మాత్రం ‘వాళ్ళే వద్దన్నారు’ అని చెప్పాను.

కూర్చున్నాక తెలిసింది, నా భయం ఉద్యోగం గురించి కానే కాదని. ఏది తీసుకుని చెడినా మీ తాతయ్య ‘నేను చెప్పలేదా?’ అంటారని. అన్ని పేజీలు నింపాను, ఆ ఒక్క మాట ఏ వైపూ రాయలేదు. నీ కాగితం మీద నువ్వూ ఏదో రాయకుండా వదిలే ఉంటావు. నాకు చెప్పక్కర్లేదు, రాసి చూసుకో.

నీ గడువు శుక్రవారమట. ఇంకా టైమ్ కావాలంటే గురువారమే అడుగు. ఫోన్లో కాదు, మెయిల్లో. ఏ తేదీకి జవాబిస్తావో కూడా రాసి. ఇవ్వకపోతే ఉన్న గడువులోనే తేల్చు. ఒకరికి సరే అన్నాక రెండోవాళ్ళకి వెంటనే మర్యాదగా కాదని రాసెయ్యి. రెండుచోట్లా సరేనని ఊరుకున్నావో, ఎంత పెద్దవాడివైనా చెవి మెలిపెడతాను.

నడక నేర్చేటప్పుడు కూడా గుమ్మం మీద ఒక కాలు లోపల, ఒక కాలు బయట వేసి నిలబడిపోయేవాడివి. ఎత్తి దాటించబోతే ఒకటే ఏడుపు. అందుకే పక్కన కూర్చుని చూసేదాన్ని.

మీ నాన్న ఎప్పుడైనా ‘నేను చెప్పలేదా’ అంటే ఫోన్ నాకివ్వు, నేను మాట్లాడతాను.

శుక్రవారం రాత్రి ఫోన్ చేస్తాను. ఏదని అడగను. పంపావా అని అడుగుతాను.

మీ పెద్దమ్మ