గేజ్ కొన్నావు, ఇక నంబర్ల వెంట పరిగెత్తకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సైకిల్ చక్రాలు స్వయంగా కట్టడం మొదలుపెట్టి, పుల్లల (స్పోకుల) బిగువు కొలిచే గేజ్ కూడా కొన్నానని రాశావు. చాలా సంతోషం. ప్రతి పుల్లా సరిగ్గా ఒకే అంకె చూపేదాకా నిప్పిల్ (పుల్ల చివర రిమ్ దగ్గర బిగించే చిన్న నట్టు) తిప్పుతున్నానన్నావే, ఆ పని మాత్రం ఆపు. రిమ్ అతుకు దగ్గర కాస్త తేడా ఎప్పుడూ ఉంటుంది. ఒక వైపు పుల్లలన్నీ ఆ వైపు సగటుకి అటూ ఇటూ 20 శాతం లోపల ఉంటే చక్రం బాగున్నట్టే. ఓపిక ఉంటే 10 శాతానికి తెచ్చుకో. అంతకన్నా సమానం చేయబోతే, బిగువు కుదిరేలోపు రిమ్ వంకర పోతుంది.

ఒక వైపు అన్న మాట గుర్తుపెట్టుకో. వెనక చక్రంలో గేర్ల వైపు హబ్ (ఇరుసు చుట్టూ తిరిగే నడిమి భాగం) అంచు మధ్యకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, రిమ్ నడిమధ్యన నిలవాలంటే ఆ వైపు పుల్లలు ఎక్కువ బిగువుతో లాగాలి. అవతలి వైపు బిగువు అందులో సగానికి కాస్త పైన ఉండటం మామూలే. డిస్క్ బ్రేకున్న ముందు చక్రంలో డిస్క్ వైపు ఎక్కువ. రెండు వైపులనీ సమానం చేద్దామనుకుంటే రిమ్ పక్కకి జరిగిపోతుంది.

గేజ్ మీద కనిపించే అంకె కిలోలు కాదు, పుల్ల ఎంత వంగిందన్న లెక్క. పుల్ల మందం కొలిచి, గేజ్‌తో వచ్చిన పట్టికలో ఆ వరుసలోనే చూడు. 2 మిల్లీమీటర్ల పుల్ల, నడుము 1.8కి సన్నమైన పుల్ల, ఒకే బిగువుకి వేరు వేరు అంకెలు చూపిస్తాయి. చదును పుల్లలకి వేరే వరుస ఉంటుంది. నడుము సన్నమైన పుల్లని ఆ సన్నటి భాగంలోనే కొలవాలి. పుల్లలు ఒకదానికొకటి తగిలే చోట పెట్టకు. గేజ్ పిడిని మెల్లగా వదులు, ఠక్కున వదిలితే అంకె మారుతుంది. టైరు గాలితో ఉంటే బిగువు తగ్గి కనిపిస్తుంది, అందుకే ఎప్పుడూ టైరు లేకుండానే కొలువు.

ఎంత బిగించాలన్నది రిమ్ చేసినవాళ్లు చెప్పిన పరిమితే. చాలా రిమ్‌లకి 100 నుంచి 130 కిలోల మధ్య ఉంటుంది. న్యూటన్లలో రాసి ఉంటే 1200 అంటే దాదాపు 122 కిలోలు. ఆ పరిమితి ఎక్కువ బిగువున్న వైపుకే చూసుకో.

ఇక గేజ్ అసలు పనికొచ్చేది ఇక్కడ. చక్రం తిన్నగా తిరుగుతూనే ఉంటుంది, కానీ ఒక పుల్ల వదులుగా, అదే వైపు దాని పక్కవి రెండూ బాగా బిగుతుగా ఉంటాయి. కంటికి దొరకదు. ఆ రెండింటినీ చెరో పావు చుట్టు వదిలి, వదులుగా ఉన్నదాన్ని అర చుట్టు బిగించు. రిమ్ దాదాపు కదలదు, బిగువు మాత్రం సమానమవుతుంది. ముందు వేలితో మీటి చూడు. ఒకే వైపు, ఒకే మందం పుల్లల్లో వదులుగా ఉన్నది తక్కువ శ్రుతిలో మోగుతుంది. దాని మీదే గేజ్ పెట్టు. వరుసగా అన్నీ కొలిచే శ్రమ తప్పుతుంది.

సన్న పుల్లలు నిప్పిల్‌తో పాటు మెలిపడతాయి. పుల్ల మీద చిన్న టేపు జెండాలా అంటిస్తే ఎంత మెలిపడిందో తెలుస్తుంది. కావలసినదానికన్నా కొంచెం ఎక్కువ తిప్పి, మెలిక విడిపోయేంత వెనక్కి రా. పుల్ల చివరి మరల (థ్రెడ్ల) మీద ఒక నూనె చుక్క వేయడం మర్చిపోకు.

చివరికి చేతికి తొడుగు వేసుకుని, పక్కపక్కనున్న పుల్లల జతలని గట్టిగా పిండు. పుల్లలు హబ్‌లోనూ రిమ్‌లోనూ సర్దుకుంటాయి. ఆ తర్వాత బిగువు కాస్త పడుతుంది, మళ్లీ కొలిచి సరిచెయ్యి. ఇది వదిలేసినవాళ్ల చక్రాలే కొద్ది రోజులకి వదులై బెండు తిరుగుతాయి.

రెండు వైపుల అంకెలూ, పుల్లల మందం, రిమ్ మీద రాసి ఉన్న పరిమితీ ఉత్తరంలో రాసి పంపు. చూసి చెబుతాను.

ప్రేమతో,
మామయ్య