ఫ్లూ ప్లాన్ గేటు దగ్గర మొదలుపెట్టు

అమ్మడూ,

ఆస్పత్రిలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ బాధ్యత నీకిచ్చారని, ఫ్లూ మహమ్మారికి ప్లాన్ రాయమన్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఒక్క మాట విను, వెంటిలేటర్ల లెక్కతో మొదలుపెట్టకు. ముందు వెళ్లి గేటు దగ్గర ఓ పూట నిలబడు.

దగ్గుతూ వచ్చినవాళ్లు గర్భిణులతో, షుగరు రోగులతో కలిసి ఒకే క్యూలో చీటీ రాయించుకుంటుంటే లోపల ఎన్ని బెడ్లుండి ఏం లాభం? జ్వరం ఓపీ విడిగా, గాలి ఆడేచోట పెట్టించు, వరండా అయినా సరే. మాస్కు గేటులోనే ఇవ్వాలి. మనిషికీ మనిషికీ మీటరు ఎడం ఉండాలి. వాచ్‌మన్‌కి ఇదంతా నేర్పు, రోగిని అందరికన్నా ముందు చూసేది అతనే.

2009 స్వైన్ ఫ్లూ అప్పుడు కేంద్రం రోగులను జబ్బు తీవ్రతను బట్టి ఏ, బీ, సీ అని విడదీయమంది. తేలికపాటి జ్వరమైతే పరీక్ష అక్కర్లేదు, ఇంట్లో విడిగా ఉంటే చాలు. ఆయాసం, ఛాతీనొప్పి, మగత, పెదాలు నీలమెక్కడం ఉంటే వెంటనే అడ్మిషన్. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ జబ్బు మొదలైన 48 గంటల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. అందుకని గర్భిణులకూ వృద్ధులకూ రిపోర్టు కోసం ఆగొద్దని డాక్టర్లతో ఇప్పుడే రాయించి పెట్టుకో.

మన చెన్నైలో ఫ్లూ ఈశాన్య రుతుపవనాల వానలతో, అక్టోబర్, నవంబర్లలో పుంజుకుంటుంది. టీకా పట్టుకోవడానికి రెండు వారాలు కావాలి కాబట్టి సెప్టెంబరులోనే అందరికీ వేయించు. కొత్త వైరస్‌కి ఆ టీకా చాలకపోవచ్చు, దానికి వేరే టీకా రావాలంటే నెలలు పడుతుంది. అయినా ఏటా వేయించి అలవాటైన చోట ఆ కొత్త టీకా వచ్చిన రోజు పని చకచకా సాగుతుంది.

"అందరికీ" అంటే ఊడ్చేవాళ్లూ, ఆయాలూ, స్ట్రెచర్ తోసేవాళ్లూ, క్యాంటీన్ పిల్లలూ కూడా. కాంట్రాక్టు మనుషులని వదిలేస్తారు, నువ్వు వదలకు. జ్వరమొచ్చి సెలవు పెడితే జీతం కోస్తారనే భయముంటే, మాత్ర వేసుకుని జ్వరంతోనే వార్డుకొస్తారు. ఆ జీతం సంగతి మేనేజ్‌మెంట్‌తో పోట్లాడైనా కాగితం మీద పెట్టించు. ఈ ఊళ్లో పారిశుద్ధ్యం పనివాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. గ్లవ్స్ ఎలా విప్పాలో వాళ్ల పక్కన కూర్చుని మన భాషలో చేసి చూపించు, గోడమీద ఇంగ్లీషు పోస్టరు చూసి ఎవరూ నేర్చుకోరు.

చుట్టుపక్కల కాలనీ సంఘాలతో, కార్పొరేషన్ హెల్త్ ఇన్‌స్పెక్టరుతో ఇప్పటినుంచే పరిచయం పెంచుకో. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు బీపీ, షుగరు మందులు ఇంటికి చేర్చేది ఎవరో ముందే తేలాలి.

డ్రిల్ మాత్రం రాత్రి షిఫ్టులో పెట్టు. ఆక్సిజన్ సిలిండర్ మార్చడం ఎవరికొచ్చో, స్టోర్ తాళం ఎవరి దగ్గరుందో అప్పుడే బయటపడుతుంది. తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ