లండన్ ప్రయాణం: టికెట్ మీది గంటలు ఎలా లెక్కపెట్టాలి?

ప్రశ్న: మా అబ్బాయి చదువు కోసం జనవరిలో హైదరాబాద్ నుంచి లండన్ వెళ్తున్నాడు. దూరం 7,750 కిలోమీటర్లట. గంటకు 900 చొప్పున చూస్తే ఎనిమిదిన్నర గంటలు పట్టాలి. టికెట్ మీదేమో ఉదయం 7కి ఎక్కి మధ్యాహ్నం 12కి దిగుతాడని ఉంది. తిరుగు టికెట్‌లో మధ్యాహ్నం 2కి ఎక్కితే మర్నాడు తెల్లవారి 4.45కి దిగుతాడట. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: టికెట్‌నే నమ్మండమ్మా. అయితే దాని మీద ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. రెండూ మన టైములోకి మార్చాకే తీసివేయాలి. జనవరిలో లండన్ మనకంటే అయిదున్నర గంటలు వెనక. అక్కడ 12 అంటే బరంపురంలో సాయంత్రం 5.30. పొద్దున 7 నుంచి లెక్కేస్తే పదిన్నర గంటలు. వచ్చేటప్పుడు అక్కడి 2 మనకు రాత్రి 7.30, కాబట్టి తొమ్మిదింపావు గంటలు. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు. అప్పుడు తేడా నాలుగున్నరే.

పోవడానికి ఎక్కువ, రావడానికి తక్కువ పట్టేది గాలి వల్ల. 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది, చలికాలంలో ఇంకా ఉధృతంగా. 900 అన్నది గాలితో పోల్చిన వేగం. ఎదురుగాలి 100 ఉంటే నేల మీద లెక్క 800కి పడిపోతుంది, వెనకగాలి అయితే 1,000కి పెరుగుతుంది. 2016లో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మీదుగా కాక పసిఫిక్ మీదుగా తిప్పింది. దారి సుమారు 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగినా, వెనకగాలి వల్ల పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది!

పైగా 7,750 అన్నది భూగోళం మీద అతి దగ్గరి గీత. మూసిన గగనతలాలను తప్పించుకుంటూ పోతే అంతకంటే ఎక్కువే అవుతుంది. టికెట్ సమయంలో రన్‌వే దాకా పాకడం, దిగాక గేటు దాకా రావడం కూడా కలిసి ఉంటాయి.

ప్రశ్న: రాయగడ నుంచి విశాఖ వెళ్లి, అక్కడ హైదరాబాద్ విమానం ఎక్కి, లండన్ విమానం అందుకోవాలి. మధ్యలో మూడు గంటలు చాలవా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉంటే చాలవచ్చు. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, తర్వాతి దాంట్లో పంపే బాధ్యత విమాన సంస్థదే. విడివిడి టికెట్లు అయితే మాత్రం ఆ ధైర్యం చేయకండి. హైదరాబాద్‌లో పెట్టె తీసుకుని, మళ్లీ చెకిన్ చేయించి, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ దాటాలి. విదేశీ విమానాలకు చాలా సంస్థలు గంట ముందే కౌంటర్ మూసేస్తాయి. అంటే చేతిలో ఉండేది రెండు గంటలే. విశాఖ విమానం గంటన్నర ఆలస్యమైతే లండన్ టికెట్ డబ్బు పోయినట్టే. ముందురోజే హైదరాబాద్ చేరుకోండి, లాడ్జి ఖర్చు దానితో పోలిస్తే చాలా తక్కువ.