ఒకటో తారీఖు డబ్బు మా అమ్మకి ఏం చేసిందంటే

అడిగిన ప్రశ్న ఇది: "ఏ షరతూ లేకుండా నెలనెలా డబ్బు చేతికిస్తే పల్లెల్లో పేద కుటుంబాలు బాగుపడతాయా, లేక పని మానేసి సోమరులవుతారా?"

సోమరులు కారు. మా అమ్మకి 2015 నుంచి వితంతు పెన్షన్ వస్తోంది. ఆ డబ్బు మా ఇంట్లో ఏం చేసిందో దగ్గరుండి చూసినవాణ్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్లే దారిలో ఒక పల్లె. సెంటు భూమి లేదు. నాన్న పోయేనాటికి నేను ఇంటర్, చెల్లి తొమ్మిదో తరగతి. అమ్మ పని మిరపకాయలకి తొడిమలు తీయడం. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్దదని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ చుట్టుపక్కల గోడౌన్లలో గోనెపట్టాల మీద కూర్చుని, ఒక్కో కాయ పట్టుకుని తొడిమ తుంచే ఆడవాళ్ల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. తెల్లవారుజామునే ఒక్క ఆటోలో పన్నెండు మంది ఇరుక్కుని వెళ్లేవాళ్లు. కూలి కిలో లెక్కన. వెళ్లేముందు అమ్మ చేతులకి కొబ్బరినూనె పట్టించుకునేది, అయినా సాయంత్రానికి గోళ్ల సందుల్లో మంట మొదలయ్యేది. సీజన్‌లో అమ్మ మా ముఖం మీద చెయ్యి వేసేది కాదు. అన్నం కలిపి పెడితే ముద్దలో ఘాటు తగులుతుందని చెల్లిని తనే కలుపుకోమనేది.

ఈ పనిలో అసలు ఉచ్చు కూలి తక్కువ కావడం కాదు, అడ్వాన్సు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మాలాంటి ఇళ్లలో చేతిలో పైసా ఉండదు. సరిగ్గా అప్పుడే కూలీల్ని కుదిర్చే మేస్త్రి వీధిలోకి వస్తాడు. ఐదువేలో పదివేలో ఇచ్చి నోటుపుస్తకంలో పేరు రాసుకుంటాడు. ఆ డబ్బుకి వడ్డీ ఉండదు, అందుకే మంచివాడిలాగే కనిపిస్తాడు. కానీ ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ మనిషి అతని మనిషి. ఏ గోడౌన్‌కి రమ్మంటే అక్కడికి వెళ్లాలి. పక్క ముఠా వాళ్ల కంటే కిలోకి రెండు రూపాయలు తక్కువ కట్టినా అడగకూడదు. జ్వరమొచ్చినా ఆటో వచ్చి ఇంటిముందు హారన్ కొడుతుంది. నాన్న ఉన్నప్పుడూ, పోయాక కూడా మా అమ్మ ఏటా ఆ పుస్తకంలో ఉంది.

2014 అక్టోబరులో పెన్షన్ 200 నుంచి 1,000 చేశారు. అమ్మకి మొదట వచ్చింది ఆ వెయ్యే. 2019 జనవరిలో 2,000 అయింది, ఆ ఏడు ఎన్నికలయ్యాక 2,250. ఏ పార్టీ ఇచ్చిందన్న గొడవలోకి నేను పోను. రెండు ప్రభుత్వాలూ ఇచ్చాయి, రెండూ పెంచాయి.

ఆ 2019లోనే, వినాయక చవితికి వారం ముందు, మేస్త్రి వచ్చాడు. నేను సెలవుకి ఇంటికొచ్చి ఉన్నాను. అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచి, "ఏం చెల్లెమ్మా, ఈసారి ఎంత రాయమంటావు?" అన్నాడు. అమ్మ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టలేదు, తలెత్తలేదు.

"ఈ ఏడు వద్దులే అన్నా."

ఆయన నమ్మలేదు. జేబులోంచి నోట్లు తీసి అరుగు మీద పెట్టాడు. "పిల్ల కాలేజీ ఫీజు ఉందిగా. రేపు అవసరమొచ్చి నా దగ్గరికొస్తే నా దగ్గర ఉండొద్దూ?" అన్నాడు.

"ఒకటో తారీఖు దగ్గర్లోనే ఉందిగా అన్నా. చూసుకుంటాలే."

ఆయన కాసేపు కూర్చుని, నోట్లు తీసుకుని, పక్కింటికి వెళ్లాడు. అప్పుడు గానీ అమ్మ చేట కింద పెట్టలేదు. లోపలికెళ్లి, రేషన్ కార్డు దాచుకునే ప్లాస్టిక్ కవర్లోంచి డబ్బు తీసి లెక్కపెట్టుకుంది. మళ్లీ లెక్కపెట్టుకుంది. మూడువేల చిల్లర. దాంతో ఫీజు కట్టలేమని నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు. ఆ ఫీజు డ్వాక్రా గ్రూపులో తీసుకుని కట్టాం, కిస్తీ నెలనెలా పెన్షన్‌లోంచే పోయింది. కిరాణా కొట్టు ఆయన కూడా ఒకటో తారీఖు నమ్మకం మీద సరుకులు ఖాతాకి ఇచ్చాడు. అంతకుముందు మాకు ఖాతా రాసేవాడు కాదు.

తర్వాతి ఫిబ్రవరిలో అమ్మ రేటు ఎక్కువిచ్చే వేరే ముఠాతో వెళ్లింది. వేళ్లు పొక్కినప్పుడు రెండు రోజులు ఇంట్లో ఉండిపోయింది. నాకు ఊహ తెలిశాక సీజన్ మధ్యలో అమ్మ పగటిపూట ఇంట్లో ఉండడం అదే మొదటిసారి. "పెన్షన్లు వచ్చాక కూలీలు దొరకడం లేదు" అని మా ఊరి ఆసాములు అంటుంటారు. దొరుకుతారు, రేటు సరిగా కట్టండి. చేతులు కాలినా రావాల్సిన గతి లేకపోవడాన్ని సోమరితనం అంటే నేను ఒప్పుకోను.

మగవాళ్లు తాగేస్తారన్నది రెండో మాట. మా నాన్న తాగాడు, కాదనను. కానీ ఏ పథకం డబ్బూ రాని రోజుల్లో తాగాడు, కూలి డబ్బుతో తాగాడు. పెన్షన్ అమ్మ చేతికి వస్తుంది. మధ్యప్రదేశ్‌లో 2011లో 'సేవ' (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం వాళ్లు, యునిసెఫ్ సాయంతో, కొన్ని పల్లెల్లో పెద్దవాళ్లకి నెలకి 200, పిల్లలకి 100 చొప్పున ఏ షరతూ లేకుండా ఇచ్చి చూశారు. తర్వాత ఆ మొత్తాన్ని 300, 150 చేశారు. తాగుడు పెరిగిందని తేలలేదు. తిండికీ చదువుకీ ఖర్చుపెట్టారు, పశువుల్ని కొనుక్కున్నారు. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు, మా వీధిలో చూసిందే అది.

నా అసలు ఫిర్యాదు ఇచ్చే పద్ధతి మీద. తొడిమలు తీసే చేతులకి వేలిముద్రలు అరిగిపోతాయి. ఎవరి కోసం ఈ పథకమో వాళ్ల వేళ్లనే మిషన్ గుర్తుపట్టదు! వాలంటీరు పిల్ల తడిగుడ్డతో అమ్మ బొటనవేలు తుడిచి నాలుగైదుసార్లు పెట్టించేది, కాకపోతే కన్ను చూపించాల్సి వచ్చేది. 2020 ఫిబ్రవరి నుంచి డబ్బు ఇంటికే తెచ్చివ్వడం మొదలైంది కాబట్టి ఆ మాత్రం నడిచింది. 2024 ఎన్నికలప్పుడు వాలంటీర్లను పక్కనపెట్టి, మే నెల డబ్బు బ్యాంకు ఖాతాల్లో వేశారు. అమ్మ ఖాతా ఏళ్లుగా వాడనిది. మండే ఎండలో రెండుసార్లు బ్యాంకుకి తిరిగితే, మినిమం బ్యాలెన్స్ లేదని కొంత కోసేసి మిగిలింది ఇచ్చారు. అరవై దాటిన మనిషి, మూడువేల రూపాయల కోసం! ఆ రోజు విజయవాడలో డ్యూటీలో ఉండి ఫోన్లో అమ్మ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది.

ఇంకొకటి. ఏడాదికోసారి వేసే పెద్ద మొత్తం నెలనెలా వచ్చే చిన్న మొత్తంలా పనిచేయదు. ఏడాదికోసారి వచ్చేది పాత అప్పులకి పోతుంది, ఎప్పుడు పడుతుందో మనకంటే ముందు అప్పిచ్చినవాడికే తెలుస్తుంది. 2015లో విజయవాడలో కాల్‌మనీ పేరుతో సాగిన అధిక వడ్డీల దందా బయటపడినప్పుడు అందరూ వడ్డీ వ్యాపారుల్ని తిట్టారు. ఆ చిన్నచిన్న అవసరాలకి చేతిలో నెలకి రెండువేలు ఉంటే వాళ్ల గడప తొక్కేదెవరు? రైతుల పేరుతో వచ్చేదైతే మరీ అన్యాయం. పీఎం కిసాన్‌లో ఏడాదికి 6,000 భూమి పేరున్నవాడికి పడుతుంది. మా మేనమామ రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తాడు. మందుల అప్పు ఆయనది, నల్ల తామర పురుగు పడితే నష్టం ఆయనది, డబ్బు మాత్రం హైదరాబాదులో ఉండే ఆసామి ఖాతాలో పడుతుంది.

ఇప్పుడు నెలకి వచ్చే నాలుగువేల పెన్షన్‌తో బతుకు మారిపోదు. పోయినేడు అమ్మ మోకాళ్లకి స్కానింగ్, మందులు కలిపి మూడునెలల పెన్షన్ పోయింది, మిగతాది నేను పెట్టాను. ఆసుపత్రి ఖర్చుకి ఇది ఆగదు.

కానీ 2024 జులై 1న, అంతకుముందు మూడు నెలల పెంపు తేడాతో కలిపి ఒకేసారి 7,000 వచ్చినప్పుడు అమ్మ చెల్లి పెళ్లప్పుడు తాకట్టు పెట్టిన దుద్దులు విడిపించుకుంది. మొన్నటి సీజన్‌లో నలభై రోజులే పనికి వెళ్లింది, అది కూడా నీడపట్టున ఉన్న గోడౌన్ అయితేనే. ఆ మేస్త్రి ఇప్పటికీ చవితి ముందు నోటుపుస్తకం పట్టుకుని మా వీధికి వస్తాడు. మా ఇంటి ముందు ఆగడు.