అమ్మమ్మ చేతి మీది తులసికోట

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. డిగ్రీ అయింది, కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాను. నన్ను పెంచిన అమ్మమ్మ సంక్రాంతికి ముందు పోయింది. ఆమె గుర్తుగా మొదటిసారి టాటూ వేయించుకోవాలని ఉంది. ఫ్రెండ్సేమో ఈకలు, పక్షులు చూపిస్తున్నారు. నాకు మాత్రం అమ్మమ్మ చేతి మీది తులసికోట పచ్చబొట్టే కళ్లలో మెదులుతోంది. ‘సంబంధాలు చూస్తుంటే ఇప్పుడు ఇదేంటి’ అని అమ్మ మాట్లాడటం మానేసింది. ఏ డిజైన్ ఎంచుకోను?

జవాబు: తల్లీ, నువ్వు ఎంచుకోవడం అయిపోయింది. ఈకల గురించి ఒక్క ముక్కలో తేల్చేశావు, తులసికోట దగ్గర ఆగిపోయావు. మిగిలింది మీ అమ్మ సంగతి.

ఆ పచ్చబొట్టు చెయ్యి పట్టుకుని నీకంటే ముందు నడక నేర్చుకుంది ఆమే కదా. తల్లి పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ కోపంలో సంబంధాల భయం ఎంతో, దుఃఖం ఎంతో ఆమెకే తెలియకపోవచ్చు. రాత్రి గిన్నెలు సర్దడం అయ్యాక పక్కన కూర్చుని కాగితం, పెన్ను ఇవ్వు. ‘అమ్మమ్మ చేతి మీద ఎలా ఉండేదో గీసి చూపించమ్మా’ అని అడుగు. కోట చుట్టూ ఎన్ని చుక్కలో, కింద ఎన్ని గీతలో ఆమెకు గుర్తుండే ఉంటాయి. గీత వంకర పోయినా సరిచేయకు, అలాగే ఉంచు. గీయనంటే ఆ రోజుకి వదిలెయ్, ఇంకోరోజు అడుగు. మన వైపు పెద్దామెలు ‘పోయేటప్పుడు వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటే’ అనేవారు. మీ అమ్మా ఆ మాట వినే ఉంటుంది.

ఇక ఉద్యోగం. ఇక్కడ తొందరపడితే చేజేతులా పాడుచేసుకున్నట్టే. కేంద్ర బలగాల్లో టాటూకి నిబంధనలున్నాయి. మతపరమైన గుర్తులు, పేర్లు ఒప్పుకుంటారు. ముంజేతి లోపలి వైపు అయితే ఎడమ చేతికే ఉండాలి, ఎందుకంటే సెల్యూట్ కుడి చేత్తో చేస్తారు. ఆ భాగంలో నాలుగో వంతు కంటే చిన్నదిగా ఉండాలి. తులసికోట వీటిలో ఇమిడేదే. అయినా చూసి తేల్చేది మెడికల్‌లో డాక్టరు. అందుకే మెడికల్ గట్టెక్కాకే వేయించుకో. నోటిఫికేషన్‌లో ఆ పేరా నువ్వే స్వయంగా చదువు.

సైజు మరీ చిన్నది చేయకు. ఏళ్లు గడిచేకొద్దీ సిరా చర్మం కింద కొంచెం పరుచుకుంటుంది. మా పెద్దమ్మ చేతి మీద దగ్గరదగ్గరగా పొడిచిన చుక్కలు చివరికి ఒక పచ్చటి మచ్చలా కలిసిపోయాయి. చుక్కకీ చుక్కకీ మధ్య ఇంకో చుక్క పట్టేంత జాగా వదలమను. కింద ‘అమ్మమ్మ’ అని రాయించాలనుకుంటే ఇంకా జాగ్రత్త. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో మ కింద ఒత్తు ఊడి పక్కకు వచ్చేస్తుంది. తెలుగు రాని ఆర్టిస్టుకి అది తప్పని తెలియదు. చర్మం మీద స్టెన్సిల్ అచ్చు వేయగానే, సూది తగలకముందే, అక్షరం అక్షరం చదువుకో. ‘మ’ లోపలి గుండ్రాలు కూడా పూడిపోకుండా పెద్దవిగా ఉండాలి.

తిరునాళ్లలో ఒకే సూదితో వరసగా పొడిచే చోట మాత్రం వద్దే వద్దు. హెపటైటిస్, హెచ్ఐవీ అలాగే అంటుకుంటాయి. నీ కళ్లముందే కొత్త సూది ప్యాకెట్ విప్పాలి. పుండు మానడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అన్నాళ్లూ ఎండలో పరుగు ప్రాక్టీస్ ఆపు.

ఈలోగా మీ అమ్మ గీసిన కాగితం కింద ఆమె చేతే తేదీ వేయించి, నీ ఫిజికల్ టెస్ట్ ఫైల్లో పెట్టుకో.